దేశాంతరములకు ద్రవ్యము పంపు విధము
(మహాసభ రెండవనాటి సమావేశమునందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ వేదికనుండి మాట్లాడుటకు మాకంటె సమర్థులు పెక్కురు గలరు. మాకు నియమింపబడిన విషయము కొంత శుష్కమైనది, లెక్కలతో కూడినది. ఒక దేశమునుండి వేఱొక దేశమునకు పెద్ద మొత్తములను తక్కువ ఖర్చుతో, చట్టమునకు లోబడి, పంపుట యెట్లు? ముప్పదియేండ్ల క్రిందట నీ ప్రశ్న నెత్తియుండినచో, ఇది పెద్దషావుకార్ల గొడవగాని మనకేల యని సభ్యులు లేచిపోయియుందురు. నేడీ పందిటిలో కూర్చున్నవారిలో కొడుకో, కూతురో, మేనల్లుడో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫుదేశములలోనో లేని కుటుంబములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. చేలమ్మిన సొమ్ము ఫీజులక్రింద అటు పోవుచున్నది. చెమటోడ్చిన సొమ్ము ఇండ్లక్రిందను, చెల్లెండ్ర పెండ్లిండ్లక్రిందను ఇటు వచ్చుచున్నది. ప్రపంచబ్యాంకువారి యంచనాప్రకారము 2024వ సంవత్సరమున విదేశములనుండి మన దేశమునకు చేరిన సొమ్ము సుమారు 129 బిలియను డాలర్లు. మఱి యే దేశమునకును నింత చేరలేదు. అయితే దారిలో జాఱిపోవు పైకమెంతయో లెక్క చూచుకొనువారు మాత్రము మిక్కిలి తక్కువ.

ఈ విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. హుండీ యనగానే నేటి పిల్లలకు దేవాలయములోని హుండీయే స్ఫురించును. అది వేఱు. వర్తకుల హుండీ కాగితముమీది యాజ్ఞ. ఒకయూర రూకలు చెల్లించి హుండీ వ్రాయించుకొనినవాడు వేఱొకయూర నా కాగితమును చూపి రూకలు పుచ్చుకొనును. చూపినతోడనే చెల్లవలసినది దర్శనీహుండీ. గడువు గలది ముద్దతుహుండీ. తెల్లదొరల ప్రభుత్వము 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టమును చేసినప్పుడు సైతము ఈ దేశీయపత్రముల విషయమున స్థానికాచారమును మన్నించి విడిచినది. నాటుకోటసెట్టులు బర్మాతో లావాదేవీలు సాగించినది యీ హుండీలమీదనే. ఇందలి సూక్ష్మమేమనగా, రూకలు దారిన నడువవు. పద్దులు మాత్రమే నడచును. ఇక్కడి చిట్టాలో జమ, అక్కడి చిట్టాలో ఖర్చు. ఏడాదికొకమాఱు ఇరువురు వర్తకులు మిగులుతగులు చూచుకొందురు.

నేటి బ్యాంకులు చేయుచున్నదియు నిదియే. 1973లో బెల్జియము దేశమున స్థాపింపబడిన స్విఫ్టు అను సంఘము ద్వారా బ్యాంకులు ఒకదానికొకటి వార్తలు పంపుకొనును. స్విఫ్టు వార్తనే మోయును గాని ద్రవ్యమును మోయదు. మన బ్యాంకునకు అమెరికాబ్యాంకులో నేరుగా పద్దు లేనిచో, ఉభయులకును పద్దు గల మధ్యబ్యాంకును పట్టుకొనవలెను. ఆ మధ్యవర్తి ఊరక చేయునా? చేయడు.

మేమెఱిగిన యొక తల్లి తన భాగమునకు వచ్చిన భూమి నమ్మి కుమార్తె చదువునకు ఫీజు పంపినది. బ్యాంకువారడిగిన రుసుము చెల్లించినది, రసీదు పుచ్చుకొనినది. అక్కడి విశ్వవిద్యాలయమునకు చేరినది మాత్రము ఇరువది డాలర్లకు పైగా తక్కువ. మధ్యబ్యాంకు తన కూలి తాను తీసికొనినది. ఫీజు పూర్తిగా చెల్లలేదని పేరు నమోదు కాక ఆ పిల్ల పదిదినములు కార్యాలయము చుట్టు తిరిగినది. ఇరువది డాలర్ల మాట యట్లుంచి, ఆ పదిదినములు తల్లికి నిద్ర లేదు. పంపునప్పుడు పూరించు పత్రములో ఖర్చు లెవరివి యని యొక గడి యుండును. అన్నియు పంపువానివే యనుటకు 'అవర్', పంచుకొనుటకు 'షా', పుచ్చుకొనువానివే యనుటకు 'బెన్' అను గుర్తులు. ఫీజు పంపునపుడు మొదటిదానినే కోరవలెను. ఆ గడి యున్నదని ఆ తల్లికి చెప్పినవారే లేకపోయిరి.

అయితే యీ రుసుములు చిన్నచిల్లు. పెద్దచిల్లు మారకపురేటులో నున్నది. అది కంటికి కానరాదు. అంగడిలో డాలరునకు ఒక నిజధర యుండును. బ్యాంకులు తమలో తాము కొనియమ్ముకొను ధర యది. మనకు చెప్పు ధర వేఱు. 50,000 డాలర్లు పంపువానికి నిజధరకంటె డాలరునకు ఒకటిన్నర రూపాయి అధికముగా వేసినచో 75,000 రూపాయలు పోయినట్లే. రసీదులో మాత్రము 'రుసుము వేయి రూపాయలు' అని యుండును. రుసుము లేనేలేదని ప్రకటించువారుగూడ గలరు. వారి లాభమంతయు రేటులోనే దాగియుండును. కాబట్టి అడుగవలసిన ప్రశ్న యొక్కటే: అన్నియు కలుపుకొని నేనిన్ని రూపాయలిచ్చినచో అవతలివాని చేతికెన్ని డాలర్లు చేరును? ఈ యొక్క సంఖ్యను మూడుచోట్ల, ఒకేదినమున, ఒకే గంటలో అడిగి పోల్చిచూడవలెను. నిన్నటి రేటును నేటి రేటుతో పోల్చుట వ్యర్థము.

కూరగాయల యంగడిలో రెండు రూపాయలకు బేరమాడు మనము బ్యాంకుమేనేజరు గదిలో నోరు విప్పము. ఇది మర్యాద గాదు, భయము. పెద్ద మొత్తమునకు బోర్డుమీది రేటు కంటె మంచి రేటు అడిగినవారికి తఱచుగా దొరకును. బ్రాంచివారు విదేశీమారకపు విభాగమునకు ఫోను చేసి ప్రత్యేకరేటు తెప్పింతురు. సెలవుదినములందు గాక, మార్కెట్టు నడచుచున్న పనిదినమున ప్రొద్దుననే యడుగవలెను. ఇదిగాక క్లియరింగు కార్పొరేషను ఆఫ్ ఇండియావారు 2019 ఆగస్టులో 'ఎఫ్‌ఎక్సు-రిటెయిలు' అను వేదికను నెలకొల్పిరి. సామాన్యులు సైతము బ్యాంకుద్వారా అందు చేరి, అంగడిధరను కన్నులార చూచి కొనవచ్చును. బ్యాంకు తన కమీషనును విడిగా చెప్పవలసియుండును. దీని పేరు వినినవారు మన సభలో నెందఱో చేతులెత్తుడని అడుగ సాహసింపము.

ఇక చట్టము. 2004వ సంవత్సరమున రిజర్వుబ్యాంకువారు ఏడాదికి 25,000 డాలర్ల పరిమితితో నొక యుదారపద్ధతి నారంభించిరి. అది హెచ్చుచు తగ్గుచు వచ్చి 2015లో 2,50,000 డాలర్లైనది. ఇది ఒక్కొక్క వ్యక్తికి, ఒక్కొక్క ఆర్థికసంవత్సరమునకు. తండ్రికొకటి, తల్లికొకటి. పాన్ సంఖ్యయు, ఏ పనికై పంపుచున్నామో తెలుపు పత్రమును ఈయవలెను. పెట్టుబడివంటి కార్యములకు పంపునప్పుడు ఆ బ్యాంకులో ఏడాదిగా పద్దుండుట మంచిది. లేనిచో పాతబ్యాంకు పద్దులు, పన్నుకాగితములు అడుగుదురు.

ఇక్కడ మనవారిని ఎక్కువగా కలవరపెట్టునది మూలమున వసూలు చేయు పన్ను. 2025 ఏప్రిలు 1వ తేదీనుండి ఏడాదికి 10 లక్షల రూపాయలవఱకు ఈ బాధ లేదు. దానిపై భాగమునకే వసూలు. చదువునకును వైద్యమునకును రేటు తక్కువ. గుర్తింపుగల సంస్థయొద్ద విద్యాఋణము తీసికొని పంపినచో అసలే లేదు. బహుమానములు, పెట్టుబడులు మున్నగువానికి మాత్రము 2023 అక్టోబరునుండి నూటికి 20గా నిర్ణయించిరి. ఈ రేట్లు బడ్జెటు బడ్జెటునకును మాఱునవి గనుక పంపుటకుముందు ఆ యేటి రేటును విచారింపవలెను. కొడుకు ఇల్లు కొనుచున్నాడని 40 లక్షలు బహుమానముగా పంపు తండ్రి ఆ రేటున 30 లక్షలమీద 6 లక్షలు కట్టవలెను. అనగా 46 లక్షలు చేతనుండవలెను. ఈ 6 లక్షలు పోయినవి కావు. ఆదాయపుపన్ను లెక్కలో జమయై, పన్నుకు మించినచో తిరిగివచ్చును. కాని రిటరను దాఖలు చేయనివానికి రాదు! వ్యవసాయదారుడను, నాకు రిటరనేల యని యూరకుండి ఈ సొమ్మును విడిచిపెట్టుకొనినవారు లేకపోలేదు. మారకముపై వేయు జీఎస్టీని గూర్చి భయపడువారికొకమాట: 40 లక్షలకు అది 1,530 రూపాయలు, ఎంత పెద్ద మొత్తమునకైనను 10,800 రూపాయలకు మించదు. కొడుకు అమెరికాపన్నుల లెక్కలో అక్కడి నివాసియైనచో, విదేశమునందలి వారినుండి ఏడాదికి లక్ష డాలర్లకు మించి బహుమానము పుచ్చుకొనినప్పుడు 3520 సంఖ్యగల పత్రమును అక్కడ దాఖలు చేయవలెను. దానికి పన్ను లేదు. దాఖలు చేయకున్న జరిమానా మాత్రము దారుణము.

అటునుండి యిటు వచ్చు సొమ్మునకు దారి సుగమము. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఎంత బహుమానము పంపినను మన యాదాయపుపన్ను చట్టప్రకారము పన్ను లేదు. స్నేహితుడు పంపినచో ఏడాదికి 50,000 రూపాయలు దాటినప్పుడు పన్ను పడును. విదేశార్జనను ఎన్నారీ పద్దులో నుంచుకొనినవారు ఎప్పుడైనను తిరిగి తీసికొనిపోవచ్చును. పిత్రార్జితమమ్మిన సొమ్ము, అద్దెలు ఎన్నారో పద్దులో చేరును. అందుండి ఏడాదికి 10 లక్షల డాలర్లవఱకు, పన్ను చెల్లించి, చార్టర్డు అకౌంటెంటు ధ్రువపత్రముతో పంపుకొనవచ్చును. అమెరికాలో 2026 జనవరి 1వ తేదీనుండి నగదుతోను, మనియార్డరుతోను విదేశములకు పంపువారిమీద నూటికి ఒకటి పన్ను వేసిరి. బ్యాంకుపద్దునుండి పంపువారికది లేదు. కావున అచ్చట నగదు చేతబట్టుకొని అంగడికి పోవుట తెలివి గాదు.

ఇంతవఱకు వినినవారిలో కొందఱు లోలోన నవ్వుకొనుచుందురు: 'ఈ గొడవంతయు నేల? మా వాడు అక్కడ వారి వానికి డాలర్లిచ్చును, వారిక్కడ మాకు రూపాయలిత్తురు. రుసుము లేదు, పన్ను లేదు. మన కులమువారేగదా!' మేము ముఖ్యముగా చెప్పదలచినది యిదియే. ఇది హుండీకి తమ్మునివలె గనబడును. నిజమే. లండనులో 2011లో ఇరువురు ఎస్తోనియాదేశీయులు స్థాపించిన వైజు అను సంస్థయు ఇట్టి యూహనుండియే పుట్టినది. ఒకనికి యూరోలు, మఱియొకనికి పౌండ్లు చేతనుండగా వారు నిజధరకు మార్చుకొనిరి. కాని పిమ్మట వారు ప్రభుత్వములయొద్ద అనుమతి పొంది, లెక్కలప్పగించుచు వ్యాపారముగా నడిపిరి. మనవారు చేయుచున్నది యనుమతి లేని పని. 1999వ సంవత్సరపు విదేశీమారకపు చట్టము మూడవ సెక్షను దీనిని నిషేధించినది. జరిమానా మొత్తమునకు మూడింతలవఱకు పోవచ్చును. అంతకంటె ఘోరమొకటి గలదు. 'మీ ఫీజు నేను చెల్లింతును, మీవారు మావారికి నూటికి పది తగ్గించి రూపాయలిచ్చిన చాలు' అని విద్యార్థులను వల వేయువారు బయలుదేరిరి. వారు దొంగిలించిన కార్డులతో ఫీజు కట్టుదురు. కొన్నివారములకు కార్డు సొంతదారుడు ఫిర్యాదు చేయగా విశ్వవిద్యాలయము ఆ చెల్లింపును రద్దు చేయును. అప్పుడు ఫీజు మరల బాకీ, ఇక్కడి రూపాయలు మాయము, పిల్లవాని వీసాకే ముప్పు. పెద్దల హుండీ నిలిచినది పేరు చెప్పి సంతకము చేసినవాని పరువుమీద. ఈ మధ్యవర్తికి పేరే లేదు, ఉన్నదొక ఫోనునంబరు.

చిన్నమొత్తములకు దారి బాగుపడుచున్నది. 2023 ఫిబ్రవరిలో మన యూపీఐని సింగపూరువారి పేనౌతో కలిపినప్పుడు దినమునకు 60,000 రూపాయలవఱకు ఫోనుతోనే పంపు నేర్పాటు జరిగినది. ఖర్చు నూటికి మూడునకు లోబడవలెనని ఐక్యరాజ్యసమితి 2030వ సంవత్సరమును గడువుగా పెట్టినది. 200 డాలర్లు పంపుటకు ప్రపంచమున నగు సగటు ఖర్చు నూటికి ఆఱునకు పైబడియే యున్నదని ప్రపంచబ్యాంకువారి లెక్క. పెద్దమొత్తములకు ఈ శాతము చాల తగ్గును గాని, మొత్తము పెద్దదగుటచే అరశాతమైనను ఒక యెద్దుజత వెల యగును.

కావున కార్యనిర్వాహకసంఘమువారికి మా మనవి యిది. జిల్లాశాఖలయందు బ్యాంకులలో పనిచేసి విశ్రాంతి పొందిన సభ్యులు గలరు, అకౌంటెంట్లు గలరు. శాఖకిద్దఱిని నియమించి, ఫీజులు కట్టు జూను, జూలై, డిసెంబరు నెలలయందు ఆదివారము ప్రొద్దుట సంఘభవనమున కూర్చుండబెట్టవలెను. వారు సొమ్ము ముట్టరాదు, కమీషను పుచ్చుకొనరాదు, ఏ బ్యాంకునకును సిఫారసు చేయరాదు. పత్రములోని గడులను చదివి చెప్పుట, మూడుచోట్ల రేటెట్లడుగవలెనో నేర్పుట, రిటరను దాఖలు చేయించుట మాత్రమే వారి పని. విద్యార్థివేతనములతోపాటు ఈ పద్దుక్రింద బల్లకు, కుర్చీలకు, కాగితములకు కొంత కేటాయించు తీర్మానమును రేపటి విషయనిర్ణయసభలో మేము ప్రతిపాదింతుము. బలపఱచువారు ఈ సాయంకాలములోపల తమ పేర్లు కార్యదర్శిగారి కీయగోరుచున్నాము.