మంచమెక్కకమునుపే అందవలసిన బీమా

(ఉపన్యాస పాఠము)



వైద్యుడొకచోట, రోగి వేరొకచోట నుండగా ఫోనుమీదనో వీడియోమీదనో జరుగు వైద్యమును ప్రభుత్వ ఆరోగ్యబీమా భరింపవలెనా, వలదా యన్నది నేటి సభలోని ప్రశ్న. భరింపవలెననియే మా యభిప్రాయము. ఎట్లు భరింపవలెనో చెప్పకున్న మాత్రము మాది సగము మాటయే యగును.

మొదట మన బీమా ఎట్లున్నదో చూడుడు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ మొదలయ్యెను. 2018 సెప్టెంబరులో ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన వచ్చెను. కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స. ఇవి బీదవానికి పెద్ద ఆసుపత్రి గడప త్రొక్కు ధైర్యము నొసగినవి. వానిని తక్కువచేసి పలుకువారితో మేము చేరము. కాని కేంద్ర పథకపు నిబంధనను గమనింపుడు. ఆసుపత్రిలో చేరుటకు ముందు 3 దినములు, ఇల్లు చేరిన పిదప 15 దినములు, నడుమ ఆసుపత్రి మంచము: అంతవరకే దాని పూచీ. మంచమెక్కక, ఓ.పీ. చీటి పట్టుకొని వరుసలో నిలిచినవానికి ఆ పథకమునుండి పైసయు రాదు.

మధుమేహము, రక్తపుపోటు గల యొక కూలివానిని తలచుకొనుడు. వానికి శస్త్రచికిత్సతో పనిలేదు. అప్పుడప్పుడు వైద్యుని సలహా, కొన్ని నెలలకొకమారు రక్తపరీక్ష, ప్రతిదినము మాత్రలు, ఇంతియే కావలెను. ప్రభుత్వ కేంద్రమున మాత్రలున్ననాడు సరియే. లేనినాడు మందుల షాపునకు పోవలెను. పాడేరు మన్యమువాడై, విశాఖపట్టణమునకు పోయి పెద్ద వైద్యుని చూడవలసివచ్చెనా, దారి నూరు కిలోమీటర్లకు పైమాట, ఆనాటి కూలి సున్న. కాళ్లు నడచినంత కాలము రోగము లేదనుకొని వాడు మాత్రలు మానును. ఏండ్లు గడచిన పిదప మూత్రపిండములు చెడును. అప్పుడు మన బీమా మేల్కాంచి, వారమునకు రెండు మూడు మారులు, వాడు బ్రదికినంత కాలము, డయాలిసిస్ ఖర్చు చెల్లించును! ఇట్టి పద్దు ఏ షావుకారును తన చిట్టాలో వ్రాసికొనడు.

దూరవైద్యము మనకు వింతయా? 2000 నాటికే చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున టెలిమెడిసిన్ కేంద్రము వెలసినది. 2019లో ప్రభుత్వము నెలకొల్పిన ఈ-సంజీవని ద్వారా 2024 నాటికే 20 కోట్లకు మించిన సంప్రదింపులు జరిగినవి. దానిని మిక్కిలిగా వినియోగించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమొకటి. 2020 మార్చి 25న వైద్యులకు నియమావళియు వచ్చినది. ముఖాముఖి చూచిన రోగికి, అదే వ్యాధికి, ఆరు నెలలలోపున వట్టి ఫోనుమీదనైనను మందు కొనసాగింపవచ్చును. మత్తుమందులను మాత్రము వ్రాయరాదు. ఆ యేటి జూన్‌లోనే బీమా నియంత్రణ సంస్థ, పాలసీలో వైద్యుని సంప్రదింపు ఖర్చు చేరియున్నచో దూరవైద్యమునకును చెల్లింపవలెనని కంపెనీలకు తెలిపెను. అనగా ప్రీమియము కట్టగలవానికి దారి తెరచుకొన్నది. ఓ.పీ. వైద్యమే లేని పథకమున నున్న బీదవానికి ఆ యుత్తరువు దేనికి?

ఈ-సంజీవని ఉచితమే కదా, బీమా యేల యని కొందరందురు. మాట ఉచితము, మందు ఉచితమగునా? 2021-22లో దేశమున ఆరోగ్యముపై జరిగిన వ్యయములో నూటికి 39.4 వంతులు జనులు తమ చేతినుండి నేరుగా పెట్టుకొన్నదియే. అందు మందుల పాలు పెద్దది. వైద్యుడు చీటి వ్రాసి ఫోను పెట్టివేసిన పిమ్మట మొదలగు ఖర్చును భరింపని బీమా, దూరవైద్యమునకు బీమా అనిపించుకొనదు.

నాడి పట్టని వైద్యమేమి వైద్యమని పెద్దలు కొందరు మమ్మడిగిరి. న్యాయమైన శంకయే. కడుపునొప్పిని, గుండెనొప్పిని ఫోనులో చూడుమని మేమనము. కాని ఉపకేంద్రమున నర్సు కుర్చీ ప్రక్కనే యుండి, పోటు కొలిచి, చక్కెర చూచి చెప్పుచుండగా, దూరమున నున్న వైద్యుడు మాత్ర మోతాదు మార్చుటకు అడ్డమేమి? మన్యమున వీడియో నిలువదు. ఇంట ఫోను తరచుగా మగవాని జేబులో నుండును. కావున స్త్రీలకు ఉపకేంద్రమే దిక్కు, దాని వ్యయమును బీమాలో చేరవలెను.

రెండవ శంక మోసము. ఇది మరింత గట్టిది. అక్కరలేకున్నను గర్భసంచులు తీసివేసిరన్న ఆరోపణలు ఆరోగ్యశ్రీ దినములలోనే వచ్చెను. శస్త్రచికిత్సకే అట్టి నింద వచ్చినప్పుడు, ఫోను పిలుపునకింత యని రుసుము పెట్టినచో పిలుపులకు కొదవ యుండదు! కావున పిలుపునకు కాక, రోగికి ఏడాదికింత యని చెల్లింపవలెను. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సల పిదప ఏడాదిపాటు సంప్రదింపు, పరీక్షలు, మందులు కలిపి ఒకే ధరకు అందించు ఏర్పాటు ఇంతకుముందే కలదు. చికిత్స తరువాత నున్నదానిని చికిత్సకు ముందుకు జరుపుడనియే మేమడుగుచున్నాము.

అమెరికాలో వృద్ధుల బీమాయగు మెడికేరు, పూర్వము పల్లెటూరివారికి, అదియును క్లినిక్కునకు వచ్చి కూర్చున్నవారికే సాధారణముగా దూరవైద్యమునకు చెల్లించెడిది. 2020 మార్చిలో ఇంటినుండియే యనుమతించిరి. అటుపిమ్మట కాంగ్రెసువారు స్వల్ప గడువులతో మరల మరల పొడిగించుచు వచ్చుటచే, వైద్యులకును రోగులకును రేపేమగునో తెలియని స్థితి కలిగినది. మన చట్టమునకు అట్టి అతుకుల బొంత వలదు.

సభవారు చదివి వినిపించిన తీర్మానమున 'దూరవైద్య సంప్రదింపు రుసుమును బీమా భరింపవలెను' అని మాత్రమే యున్నది. 'రుసుము' తరువాత 'మరియు వైద్యుడు వ్రాసిన పరీక్షలు, మందులు' అను మాటలు చేర్చవలెనని మేము సవరణ ప్రతిపాదించుచున్నాము. బలపరచువారు చేతులెత్తుడు.