దేశభక్తికీ జాత్యహంకారానికీ మధ్య గీత

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేశభక్తి, జాతీయవాదం, జాత్యహంకారం – ఈ మూడూ నీతి దృష్ట్యా వేరువేరా, లేక ఒకే చెట్టు కొమ్మలా అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. విషయం పెద్దది, ఇచ్చిన టైము పదిహేను నిమిషాలు. నేను పండితుణ్ణి కాను, ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళు కుట్టిన గుమాస్తాను. కనుక ఫైలు చూసినట్టే చూస్తాను.

మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. జాతీయ జెండా అంటాం, తెలుగు జాతి అంటాం, తెల్లజాతి నల్లజాతి అంటాం, సంక్రాంతికి పందెం కోడిని చూసి జాతి పుంజు అంటాం. ఒక దేశపు పౌరులకు, ఒక భాష మాట్లాడేవారికి, ఒక రంగువారికి, చివరికి కోళ్ళకు కూడా ఒకే మాట! మాట కలిసిపోయినచోట మనసులో సంగతులు కలిసిపోవడం ఎంతసేపు?

ఈ మూడూ ఒకదానిలోకి మరొకటి ఎలా జారతాయో తెలుసుకోవడానికి మనం జర్మనీ దాకా పోనక్కరలేదు. మన తీరానికి బాగా తెలిసిన బర్మా ఉంది.

1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం మేస్త్రీల దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, స్టీమరెక్కి రంగూన్ పోయేవారు. రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది చాలావరకు వాళ్ళే. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ కొరింగీలనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఇది మనకు గొప్పగా వినిపించవచ్చు. బర్మావాడి వైపు నుంచి చూడండి. తన రాజధానిలో తానే తక్కువ. పైన తెల్లదొర. ధాన్యం ధర పడిపోయిన ఆ దశకంలో అప్పు తీర్చలేక, దిగువ బర్మాలో వరి పండే ముఖ్య జిల్లాల భూమి సుమారు పావు వంతు చెట్టియార్ల చేతికి పోయింది. ఆ కడుపుమంట అబద్ధం కాదు. దాన్ని అబద్ధమని కొట్టేస్తే ఈ చర్చే అనవసరం.

1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తరువాత మనవాళ్ళతో బేరం కుదరగానే బర్మావాళ్ళను ఇక రావద్దన్నాయి. 26వ తేదీన రెండు గుంపులూ తలపడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయులు. తగువు పెట్టింది కంపెనీలు, ప్రాణాలు పోయింది కూలీలవి.

ఆ ఏడే అక్కడ దొబామా అనే జాతీయ సంఘం పుట్టింది. అందులోని యువకులు తమ పేర్ల ముందు తఖిన్ అని పెట్టుకున్నారు. అంటే దొర. అంతవరకు ఆ మాటతో తెల్లవాళ్ళను పిలిచేవారు. మా దేశానికి మేమే దొరలమనడంలో తప్పేముంది? మన గాంధీగారు, మన ప్రకాశం పంతులుగారు వేరే మాటల్లో చెప్పిందీ అదే కదా. జాతీయవాదం లేకుండా వారికీ, మనకూ స్వతంత్రం వచ్చేది కాదు. అందుచేత జాతీయవాదం అనగానే ముఖం చిట్లించే మేధావులతో నాకు పేచీ ఉంది.

కాని ‘మేము’ అన్న తరువాత, ఆ మేములో ఎవరెవరు అనే ప్రశ్న వస్తుంది. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అరకాన్, మణిపురం అడవుల మీదుగా కాలినడకన వచ్చారు. దారిలో పోయినవారు వేలు. 1948 జనవరి 4న ఆ దేశానికి స్వతంత్రం వచ్చింది. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు సర్కారు పరమయ్యాయి. ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. మళ్ళీ లక్షలమంది ఓడలెక్కారు. మన విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. ఉద్యోగ ప్రకటనల్లో వయసు సడలింపు దగ్గర ‘1963 జూన్ 1న గాని, ఆ తరువాత గాని బర్మా నుంచి వచ్చినవారు’ అన్న వాక్యం ఇక్కడున్న చాలామందికి కంఠతా వచ్చు.

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఆ కాందిశీకుల అప్పుల ఫైళ్ళు కొన్నాళ్ళు నా సీటుకు వచ్చాయి. దరఖాస్తులో స్వగ్రామం అని ఒక గడి. ఒక పెద్దాయనను అడిగితే రంగూన్‌లో తన వీధి పేరు చెప్పాడు. అది కాదు తాతా, ఇక్కడి ఊరు అన్నాను. తాత బయలుదేరిన ఊరి పేరు తనకెవరూ చెప్పలేదన్నాడు. ‘అక్కడ నన్ను కళా అన్నారు బాబూ, ఇక్కడ బర్మావాడంటున్నారు. నువ్వే ఏదో ఒకటి రాయి’ అన్నాడు. కళా అంటే అక్కడ భారతీయుణ్ణి ఈసడించి పిలిచే మాట. డెబ్బై ఏళ్ళ మనిషి, పుట్టి పెరిగి పెళ్ళాడి పిల్లల్ని కన్న ఊళ్ళో అతని పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

1982లో ఆ దేశం పౌరసత్వ చట్టం చేసింది. 1823కు ముందు నుంచి ఆ నేల మీద స్థిరపడ్డ జాతులవారే పుట్టుకతో అసలు పౌరులని అందులో రాశారు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం వచ్చింది గనుక ఆ ఏడు. మిగిలినవారికి కింద రెండు తరగతులు పెట్టారు.

దీని పక్కన మన ముల్కీ నిబంధనలు పెట్టి చూడండి. 1972–73లో వాటి మీద జీతాల్లేకుండా సమ్మె చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పాత కోపం పక్కన పెట్టి రూలు మాత్రం చదువుతాను. పదిహేనేళ్ళు స్థిరంగా ఉండి, తిరిగి పోయే ఉద్దేశం లేదని అఫిడవిట్ ఇస్తే బయటివాడూ ముల్కీ కావచ్చు. నచ్చినా నచ్చకపోయినా అది మనిషి నెరవేర్చగల షరతు. 1823 షరతును ఏ మనిషి నెరవేర్చగలడు? ఎంత కష్టపడినా, ఎంత పన్ను కట్టినా, ఆ దేశం కోసం ప్రాణమిచ్చినా తాతముత్తాతలు ఎప్పుడొచ్చారో మార్చలేడు కదా!

నేను గీత గీసేది ఇక్కడ. జాతీయవాదం రిజిస్టరు లాంటిది. అది లేకుండా ఆఫీసు నడవదు. కొత్త పేరు ఎక్కడానికి దారి ఉన్నంతకాలం దాంతో వాదించవచ్చు, సవరించవచ్చు. పుట్టుక తప్ప ఏదీ చెల్లదని అన్ననాడు, పైన ఏ జెండా ఎగిరినా సరే, అది జాత్యహంకారమే. 2017లో ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోవలసి వచ్చింది ఆ పుట్టుక లెక్క వల్లనే.

ఇక దేశభక్తి. పుట్టుక మన చేతిలో లేదు కనుక సొంత దేశం మీద ప్రేమా ఒక పక్షపాతమే, దానికీ జాత్యహంకారానికీ తేడా లేదని ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు వాదిస్తున్నారు. మా మనవడూ ఆ పార్టీయే. నేనొప్పుకోను. ఇంట్లో నా పిల్లలకు ముందు వడ్డిస్తాను, అది ప్రేమ. ఆఫీసు కౌంటరు దగ్గర నా తమ్ముడైనా వరసలోనే నిలబడాలి, అది రూలు. ప్రేమ ఉండడం తప్పు కాదు, ఆ ప్రేమ చేతికి రబ్బరు స్టాంపు ఇవ్వడమే తప్పు. గురజాడవారు విజయనగరంలో కూర్చుని దేశభక్తి గేయం రాసి నూరేళ్ళు దాటింది. అందరికీ నోటికి వచ్చు గనుక చదవను. ఆయన అందులో పొరుగువాడికి సాయపడమన్నాడే గాని, వాడి తాత ఎప్పుడొచ్చాడో కనుక్కోమనలేదు.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలాథేలో ఒక బారులో, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరును ఒక అమెరికన్ నా దేశంలోంచి పో అని కాల్చి చంపాడు. అతడు నౌకాదళంలో పనిచేసినవాడు. అతణ్ణి పట్టుకోబోయి మరో అమెరికన్ యువకుడు తూటా తిన్నాడు, ప్రాణం దక్కింది. చనిపోయిన అబ్బాయి ఆ యువకుడికి బంధువు కాడు, స్వజాతివాడు కాడు. ఆ రాత్రి ఆ ఇద్దరిలో అమెరికా పరువు నిలిపింది ఎవరో వేరే చెప్పాలా?

టైము అయిందని కార్యదర్శిగారు చూస్తున్నారు. ఒక్క చిన్న సంగతి. మన భవనం ఎదుట కడుతున్న అపార్టుమెంటులో ఒడిశా, బీహారు పనివాళ్ళున్నారు. మన కుళాయి దగ్గర బిందెలు నింపుకుంటున్నారని, దానికి తాళం వేయాలని వచ్చే కమిటీ మీటింగు అజెండాలో పెట్టారట. నీళ్ళు చాలడం లేదంటే అందరికీ వేళలు పెడదాం, మనకు కూడా. వాళ్ళు ఎక్కడివాళ్ళో అన్నది కారణమైతే మాత్రం నా ఓటు తాళానికి వ్యతిరేకమని మినిట్సులో రాయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.