చిక్కిపోయినావే!

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో, సెలవులకు ఊరొచ్చిన మనవరాలిని చూడగానే అవ్వ నోట వచ్చే మొదటిమాట: "ఏం పాపా, ఇట్ల చిక్కిపోయినావే!" హాస్టల్లో తిండి బాగలేదేమో, జ్వరమొచ్చి లేచిందేమో అని అవ్వకు బెంగ. మాట పూర్తికాకముందే తట్టలో ఇంకో సంగటిముద్ద పడేది. ఇప్పుడు ఆ మాట వింటే మనవరాలి మొహం వెలిగిపోతుంది. "నిజంగానా అవ్వా?" అంటుంది. సంగటి తట్ట పక్కకు జరుగుతుంది.

బెంగపడాల్సిన మాట పొగడ్త ఎట్లా అయింది?

జవాబు వెతకాలంటే ప్రకటనల దగ్గర మొదలుపెట్టాలి. తెలుగు పత్రికలకు వ్యాపారంతో పొత్తు పాతదే. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావే 1908లో 'ఆంధ్రపత్రిక' స్థాపించారు. 1928లో మద్రాసు నుంచి స్త్రీల కోసం 'గృహలక్ష్మి' తెచ్చిన డాక్టర్ కె.ఎన్.కేసరి, ఆడవాళ్ల జబ్బులకు 'లోధ్ర' మందు అమ్మిన కేసరి కుటీరం యజమాని. తలనొప్పైనా, ఆడవాళ్ల బాధైనా, ఆ సరుకులు ఉన్న నొప్పి పేరు చెప్పుకునే అమ్ముడుపోయాయి. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. చామనఛాయ ఏ రోగమని దానికి క్రీము? దశాబ్దాలపాటు ప్రకటనలు ఒకటే కథ చెప్పాయి: రంగు తక్కువైన పిల్లకు ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు, క్రీము రాసుకుంటే రెండూ నడిచొస్తాయి. పల్లె అంగట్లో షాంపూ ప్యాకెట్ల దండ పక్కనే ఆ చిన్న ప్యాకెట్టూ వేలాడింది. 'ఎర్రగా బుర్రగా' ఉండే కోడలు కావాలన్న కోరిక క్రీముకంటే పాతదే, ఆ తప్పు మన ఇళ్లది. ఆ తప్పు మీదే కంపెనీలు బేరం పెట్టాయి.

ఒంటి కొలతల సంగతి ఇంకా లోతైనది. ఫిజీ దీవుల్లోని నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అంతవరకు అక్కడా ఒళ్లు చేస్తేనే ఆరోగ్యం, పిల్ల చిక్కితే ఇంటిల్లిపాదికీ దిగులు. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి బడి ఆడపిల్లలను ప్రశ్నించారు. తిండి విషయంలో ప్రమాదకర ధోరణి కనిపించినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. సన్నబడేందుకు వాంతి చేసుకున్నామన్నవాళ్లు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్లకు 11.3 శాతం ఉన్నారు. సముద్రాలవతల అవ్వల బెంగా మన అవ్వల బెంగా ఒకటే.

తెరమీది ఆడవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. తెలుగు సినిమాకు 2015 గుర్తుండాల్సిన ఏడాది. కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్న కొద్ది వారాలకే, జూన్‌లో, నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో కన్నుమూశారు. ఆమెకు 31 ఏళ్లు. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' సినిమా విడుదలైంది. అందులో లావుపాటి అమ్మాయి పాత్ర కోసం అనుష్క బరువు పెరిగారు. తర్వాత సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదన్నారు. దానికి వచ్చే డబ్బు వదులుకోవడం చిన్న విషయం కాదు.

స్త్రీలను కించపరిచే చిత్రణను నిషేధించే చట్టం 1986 నుంచి ఉంది. రంగును బట్టి మనిషిని తక్కువచేసి చూపొద్దని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లో నియమాలు పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ, గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బామీద ఒక మాట మారింది, అంతే.

తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. చంద్రగిరి పల్లెల పిల్లలెందరో అక్కడ చదువుతున్నారు. ఈ సంక్రాంతికి వాళ్లు ఇంటికొచ్చినప్పుడు చిక్కిందా, లావైందా, నల్లబడిందా అని చూడకండి. ఏం చదువుతున్నావమ్మా అని ముందు అడగండి, తర్వాత కడుపునిండా అన్నం పెట్టండి.