వంకరపోయిన విల్లుకర్ర



బావులు, బాటలు, బడుల సంగతి విడిచి విల్లుకర్రను గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన మన్యపు గ్రామములలో విల్లు పరాయివస్తువు కాదు. 1922–24 నాటి తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గిరిజనుల చేత నున్నది అదియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట విల్లుతో వేటకు తావు లేదు, నేడది క్రీడావస్తువు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమె పట్టినది కప్పీలుగల ఆధునికపు విల్లు. పల్లెబిడ్డకు మొదట అందునది మాత్రము కర్రవిల్లో, వెదురువిల్లో. కనుక ఆ కర్ర మంచిచెడ్డలు మనకు పట్టవలసిన విషయమే.

విల్లుకని కొట్టి తెచ్చిన కర్ర నెల తిరుగక ముందే వంకరపోవును. దానిని పొయ్యిలో పెట్టి మరియొక చెట్టును కొట్టుట వాడుకగా నున్నది. ఇట్లు ఒక విల్లునకు మూడు చెట్లు కూలుచున్నవి. వంకర చెట్టు దోషము కాదు, ఎండబెట్టిన తీరులోనిది.

పచ్చికర్రలో మొదట కణముల ఖాళీలలోని నీరు పోవును; అప్పుడు కర్ర కుంచించుకొనదు. తేమ నూటికి సుమారు 30 పాళ్లకు దిగిన పిమ్మట కణముల గోడలలోని నీరు తీయనారంభించును. అప్పటినుండి కర్ర ముడుచుకొనును. చెట్టు నడిమినుండి బెరడువైపునకు ఎంత ముడుచుకొనునో, వలయముల వెంబడి సుమారు దానికి రెట్టింపు ముడుచుకొనును. నిలువున దాదాపు ముడుచుకొననే కొనదు. ఈ హెచ్చుతగ్గులే వంకరకు మూలము. ఒకప్రక్క ఎండ, ఒకప్రక్క నీడ తగిలినచో వంకర మరింత హెచ్చును.

కావున కర్ర తెచ్చిన నాడే రెండు కొనలకును మైనమో, రంగో దట్టముగా పూయవలెను. కొనలు త్వరగా ఎండి పగులుట దానివలన తగ్గును. నేలకు తగులకుండ, నీడను, గాలి ఆడుచోట, రెండడుగుల కొక అడ్డబద్ద వేసి కర్రలను పేర్చి పైన బరువు నుంచవలెను. అంగుళము మందమునకు ఏడాది అని వడ్రంగులు వేయు లెక్క మంచిదే.

ఇంత చేసినను వంగిన కర్రను ఏమి చేయవలెను? మొదట వంపు ఎటువైపునకో చూడుడు. విల్లు ఎక్కుపెట్టినపుడు గురివైపున నుండునది వెన్ను. విలుకానివైపున నుండునది కడుపు. కర్ర వెన్నువైపునకు కొలదిగా వంగినచో దానిని దిద్దనక్కరలేదు; అది విల్లునకు బలమే. ప్రక్కకు వంగినను, మెలిపడినను దిద్దవలెను. ఏలయన నారి పిడి నడుమగా పోవనిచో విల్లు చేతిలో తిరుగబడును.

పచ్చిదనము మిగిలిన కర్రకు ఆవిరి మేలు. అంగుళము మందమునకు సుమారు గంటసేపు ఆవిరి పట్టి, వెంటనే చట్రములో బిగించి, కావలసినదానికన్న కొంచెము ఎక్కువగా ఎదురువైపునకు వంచవలెను. విడిచినపుడు కొంత వెనుకకు వచ్చును గదా. బాగుగా ఎండిన కర్రకైతే నూనె రాచి, వంపున్నచోట మాత్రమే నిప్పుసెగ చూపవలెను. చేయి ఆనించలేనంత వేడెక్కినపుడు మెల్లగా వంచి, పూర్తిగా చల్లారువరకు బిగింపు విప్పరాదు. పిమ్మట కొన్నిదినములు నీడను విశ్రాంతి నీయవలెను. సెగకు ఎండిన కర్ర గాలిలోని తేమను తిరిగి పుచ్చుకొనక ముందే లాగినచో విరుగును.

ఒక పని మాత్రము ఎన్నటికిని చేయరాదు. వెన్నుమీది వంకరను చిత్రికతో చెక్కి చదును చేయరాదు. లాగునపుడు సాగు భారమంతయు వెన్ను మీదనే పడును. కొననుండి కొనవరకు తెగక సాగిన నారపోగులే దానిని మోయును. చెక్కినచో ఆ పోగులు తెగును. తెగినచోట పేడు లేచి, విల్లు నిండుగా లాగినవేళ ఫెళ్లున విరుగును. అప్పుడు విల్లు బాలుని ముఖమునకు ఎదుటనే యుండును! చూపునకు తిన్నగా నున్న అట్టి విల్లుకన్న వంకరవిల్లే క్షేమము.

ఇక పంచాయతీల వంతు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయముగా ఎంచినది, కలపచెట్టును ఎంచలేదు. అటవీయేతర భూములలోని వెదురు 2017 సవరణతో అటవీచట్టపు ‘చెట్టు’ నిర్వచనమునుండి తొలగినది. కావున వెదురు దొరకుచోట వెదురునే వాడించుడు. కలపచెట్టు కావలసినచో అనుమతి పొందిన పిమ్మటనే కొట్టించుడు. కర్రలు ఎండుటకు ఒక చిన్న పాక వేయించుడు. ఆవిరిపట్టు విద్య తెలిసిన వడ్రంగిచేత ఊరి యువకులకు నేర్పించుడు. కొత్తవిల్లును పెద్దవారు పలుమార్లు కొంచెము కొంచెముగా లాగి పరీక్షించినగాని బిడ్డల చేతికి ఈయకుడు.

ఒక వంకరకర్ర తిన్ననైనచో ఒక చెట్టు నిలుచును. సక్రమముగా తిన్ననైనచో ఒక బిడ్డ కన్ను నిలుచును. ఈ రెండును మీ చేతిలోనివే.