పెత్తనం ఇద్దరిది, నష్టం డిపాజిటర్‌ది

(చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర పోటీ పరీక్షల విద్యార్థులతో పంచుకున్న మాటలు)



అశోక్‌నగర్ గదుల్లో, నారాయణగూడ కోచింగ్‌లలో మీరు రిజర్వు బ్యాంకు పాఠం చదువుతున్నరు. 1935లో పుట్టింది, 1949లో జాతీయమైంది. రెపో రేటంటే ఏందో నిద్రలో లేపి అడిగినా చెప్తరు. కానీ ఒక ప్రశ్న గైడ్లలో కనబడదు. బ్యాంకు మునిగితే జవాబుదారీ ఎవరు?

హైదరాబాద్ ఈ ప్రశ్న ఎప్పుడో అడిగింది. 2001లో కృషి బ్యాంకు కూలింది. తర్వాత చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులు. అప్పటికి మేం బడిపిల్లలం. పైసా పైసా కూడబెట్టుకున్న జనం పాసుబుక్కులు పట్టుకొని రోడ్డున పడ్డరు.

లోపం ఎక్కడ? పట్టణ సహకార బ్యాంకులకు 1966 నుంచి ఇద్దరు పెద్దలు. లైసెన్సు, తనిఖీ రిజర్వు బ్యాంకువి. ఎన్నికలు, 2020 దాకా ఆడిట్, పాలకవర్గం రద్దు కూడా రాష్ట్ర సహకార రిజిస్ట్రార్‌వి. తప్పు పట్టేది ఒకరు, తప్పు చేసినోన్ని దించేది మరొకరుగా ఉండేది. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకునే వీలుండేది.

డిపాజిట్ బీమా చూడండి. 1993లో లక్ష రూపాయలన్నరు. 2020 దాకా అదే లక్ష! 2019లో ముంబయిలో పీఎంసీ బ్యాంకు మీద ఆంక్షలు పడ్డంక ఢిల్లీ కదిలింది. 2020లో బీమా 5 లక్షలైంది. అదే ఏడాది చట్టం మారి, రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించి పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం రిజర్వు బ్యాంకుకు దక్కింది. ఆంక్షలు పడితే 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలని 2021లో ఇంకో సవరణ తెచ్చిండ్రు. మంచిదే. హైదరాబాద్ ఏడ్చిన నాడే ఎందుకు కాలేదు?

‘మా అధికారం మాకే అని కొట్లాడినోళ్లు, ముంబయి చేతికి అధికారం ఇయ్యమంటరా?’ అని మమ్మల్ని అడుగుతరు. నిజమే, ఉద్యమంలో మేమూ ఈ గల్లీల్లోనే నినాదాలిచ్చినోళ్లం. కానీ జనం సొమ్ము మింగే స్వేచ్ఛ స్వపరిపాలన ఎట్లయితది? అధికారం ఎవరి చేతిలో ఉన్నా లెక్క జనానికి చెప్పాలె.

ఆ లెక్కే ఇంకా బాకీ ఉంది. తనిఖీ నివేదికలు దాచొద్దని, సమాచార హక్కు కింద ఇవ్వాలని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకుకు చెప్పింది. బ్యాంకులు దాని మీద మళ్లీ కోర్టుకెక్కినయి. జబ్బు డాక్టరుకు తెలిసి, రోగికి తెలియకపోతే ఏం లాభం?

రేపు మీలో ఎవరో సహకార శాఖలోనో, బ్యాంకులోనో కుర్చీ ఎక్కుతరు. ఆనాడు మూసిన షట్టర్ ముందు పాసుబుక్కుతో నిలబడ్డ ముసలాయనను యాదిలో పెట్టుకోండి. ఫైలు ఆయన కోసం కదలాలె.