చీనావంటయు మన రచ్చమానును



కరీంనగరమందును ఆదిలాబాదునందును సంజవేళ బండ్లమీద వేయించి యమ్ము మంచూరియాను మీరు చూచియే యుందురు. మనుమలు దానిని కొని తెచ్చినపుడు, “చీనావారి తిండి మన కేల?” యని కోపగించు పెద్దలు కలరు. ఆ కోపమునకు చీనావారు పాత్రులు కారు. కలకత్తాలో పుట్టిన చీనా సంతతివాడు నెల్సన్ వాంగు 1975లో బొంబాయిలో అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు వేసి, గరంమసాలాకు మారుగా సోయారసమును చేర్చి దానిని కల్పించెనని ప్రసిద్ధి. అనగా మంచూరియా మన పోపునకు చుట్టమే.

అసలు చీనావంట యను నొక్క వంట లేదు. తెనుగువంట యన్నచో నెవరి వంట? మన సర్వపిండిని గోదావరీతీరమువారు వండరు. వారి పూతరేకులు మన యిండ్ల చేయరు. చీనాలోను నట్లే. ఉత్తరమున గోధుమపిండి, దక్షిణమున వరియన్నము, సెచువాను మండలమున మిరపకారము. ఆ మిరపయు వారికిని మనకును 16వ శతాబ్దమున అమెరికానుండి వచ్చిన పరదేశియే.

సెచువానువారికి స్వంతమైనది మిరియమువంటి యొక కాయతొక్క. నోట వేసికొన్నచో పెదవులును నాలుకయు జుమ్మని తిమ్మిరెక్కును. దాని జ్ఞాతివృక్షము మన దేశమున కలదు. రాక్స్‌బర్గు దొర హిందూదేశపు మొక్కలనుగూర్చిన తన గ్రంథమున దానిని వర్ణించి, కొండప్రజలు దాని నీడను కూడి తమ వ్యవహారములు తీర్చుకొందురు గాన తెనుగువారు రచ్చమా నందురని వ్రాసెను. శాస్త్రజ్ఞులు వాడు పేరిలో నేటికిని “రెట్స” యని మన రచ్చయే నిలిచియున్నది. కొంకణమువారు ఆ కాయను చేపలపులుసున వేయుదురు. మన మా చెట్టుక్రింద తీర్పులు చెప్పితిమి. కాయను వంటింటికి తెచ్చినవారిని నేను చూడలేదు.

లండనులో ఆండ్రూ వాంగు అను నతడు, తలిదండ్రుల భోజనశాల యున్న చోటనే 2012లో క్రొత్తశాల తెరచెను. మానవశాస్త్రము చదివిన వంటవాడు. చీనా మండలములు తిరిగి నేర్చిన వంటలను నవీనరీతిని చిన్నచిన్న ముద్దలుగా, మండలమునకొకటి చొప్పున వరుసగా వడ్డించును. 2021లో మిషెలిన్ సంస్థవారు ఆ శాలకు రెండు నక్షత్రముల గౌరవ మిచ్చిరి. అంత వెలకు అంత చిన్నముద్దయా యని నాకును తోచును గాని, ఊరివంటకు రాజాస్థానపు మర్యాద చేయుట మెచ్చదగినదే.

మన యూరివంట మాట యేమి? కొర్రలను ఉత్తరచీనాలో వేలయేండ్ల పూర్వమే పండించిరి. వరిగలకు సంస్కృతమున చీనకమని పేరు. ఆ పేరే వాని పుట్టినింటిని చెప్పుచున్నది. జొన్నలతో వారు సారాయి కాచుదురు; మనము గటక కాచుకొంటిమి.

హైదరాబాదులో పాకశాస్త్రము నేర్చిన మా యూరి పిల్లవాడొకడు తన చెల్లెలి పెండ్లిలో కొర్రన్నము, జొన్నరొట్టె, సర్వపిండి, చింతచిగురు పప్పు ఆకుమీద చక్కగా అమర్చి వడ్డించెద ననెను. పెద్దలు “పేదతిండి, నలుగురు నవ్వుదు”రని వలదనిరి. నూడిల్సు బండి వచ్చెను. తరువాత నతడు నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, వరిగవిత్తనము ఎవరియింట నైన మిగిలెనా?” యని యడిగెను. నా యెరుకలో లేదు. మీలో నెవరి గుమ్మిలోనైన నున్నయెడల, తొలకరికి ముందే యొక సోలెడు వేరుగా తీసి యుంచుడు. అతడు వచ్చి తీసికొనును.