నాటకమున నందఱికిని చోటు



నేటి ప్రసంగవిషయము నాటకము. అయితే రసములనుగూర్చి గాని, పద్యముల సొంపునుగూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. మన యూరి పడుచువారు నలుగురు చేరినచోట ఎవరు లోపల నున్నారు, ఎవరు వెలుపల నిలిచిపోవుచున్నారు, ఆ వెలుపలివారిని లోనికి దెచ్చుటకు నాటకము నెట్లు వాడుకొనవచ్చును అనునదియే నేను విన్నవింపదలచిన మాట.

ఇది క్రొత్త మాట కాదు. భరతముని నాట్యశాస్త్రమున మొదటి యధ్యాయమును చూడుడు. వేదము వినుటకు లోకమున ననేకులకు అధికారము లేకుండగా, అన్ని వర్ణములవారికిని చెందునట్టి యైదవ వేదమును సృష్టింపుమని దేవతలు బ్రహ్మను వేడుకొనిరట. అతడు ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గానమును, యజుస్సునుండి అభినయమును, అథర్వణమునుండి రసములను గైకొని నాట్యమును సృష్టించెను. అనగా నాటకము పుట్టినదే వెలుపల నిలిచినవారికొఱకు.

ఆ యధ్యాయముననే మఱియొక కథ కలదు. ఇంద్రధ్వజోత్సవమున జరిగిన తొలి ప్రదర్శనమునకు వస్తువు, దేవతల చేతిలో అసురులు ఓడిపోవుట. చూడవచ్చిన యసురులకు కోపము వచ్చినది. నటుల మాటను, కదలికను, జ్ఞాపకమును వారు స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజపుగఱ్ఱతో వారిని మోదెను; అయినను విఘ్నము లాగలేదు. కావలి పెట్టి నాట్యగృహమును గట్టించినను తగవు తీఱలేదు. కడపట బ్రహ్మ వారిని బిలిచి, ఈ నాట్యము మీకు మాత్రమే గాని దేవతలకు మాత్రమే గాని చెందినది కాదు, ముల్లోకముల నడవడియు నిందు గలదని సామముగా నచ్చజెప్పెను. నాటకమున తనకు ఓటమి తప్ప వేఱొక చోటు లేదని తలచినవాడు దానిని చెఱుపజూచును. వానిని కఱ్ఱతో త్రోలినందువలన పని కాదు, పిలిచి మాటాడవలెను. ఊరికిని ఇదియే న్యాయము.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ద్రౌపదీ ధర్మరాజుల గుడులయొద్ద జరుగు భారతోత్సవము మీరందఱు నెఱిగినదే. సాధారణముగా పదునెనిమిది దినములు పగలు హరికథ, రాత్రి వీధినాటకము. బకాసురునిమీదికి భీముడు బండి యెక్కి బయలుదేరును. అర్జునుడు తపస్సు మ్రాను నెక్కును. తుదినాడు మట్టితో జేసిన దుర్యోధనుని పెనురూపముకడ గదాయుద్ధము, సాయంకాలము అగ్నిగుండప్రవేశము. అప్పుడు ఊరంతయు రంగస్థలమే. మ్రాను నిలుపువాడొకడు, మట్టి త్రొక్కువాడొకడు, కట్టెలు పేర్చువాడొకడు, వాద్యము వాయించువాడొకడు. ఒక్కడు లేకున్నను కథ సాగదు. ఇంతటి విద్య మనయొద్ద నున్నది. కాని కట్టెలు పేర్చినవాడు మఱునాడు మన యరుగుమీద మనతో గూర్చుండుచున్నాడా? పని పంచుకొనుటకును, చోటు పంచుకొనుటకును భేదమున్నది.

ఈ భేదమును నేను నా తప్పువలననే తెలిసికొంటిని. సుమారు నలువదియేండ్ల క్రిందట నేనొక పాఠశాలలో తెలుగు పండితుడను. వార్షికోత్సవమునకు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములనుండి రాయబారఘట్టమును బాలురచే నాడింప బూనుకొంటిని. దళితవాడనుండి వచ్చు బాలుడొకడు అభ్యాసము జరుగు గది కిటికీయొద్ద నిలిచి పద్యములన్నియు విని నేర్చినాడు. ఒకనాడు కృష్ణవేషధారి తడబడగా, ఆ బాలుడు కిటికీ వెలుపలినుండి పద్య మందించినాడు. రాగము తప్పలేదు, విఱుపు తప్పలేదు. నేను మెచ్చుకొంటిని. మెచ్చుకొని, వానికి కౌరవసభలో ద్వారపాలకుని వేష మిచ్చితిని. కఱ్ఱ పట్టుకొని నిలుచుటయే వాని పని. ఒక్క మాటయు లేదు. ఊరిపెద్దలు ఆక్షేపింతురేమోయని నా వెఱపు. నిజమునకు ఏ పెద్దయు నాక్షేపింపలేదు. నేను వారి నడుగనే లేదు. వారికంటె ముందుగా నేనే యాక్షేపించితిని. మఱుసటి యేడు వాడు నాటకమునకు రాలేదు. కొంతకాలమునకు బడికిని రాలేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ యధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. ఆ సంగతి నేను పిల్లలకు బోధించినవాడనే. అయినను వేషములు పంచునప్పుడు నా చేయి పాతదారినే పోయినది.

పాతదారి మార్చుట సాధ్యమేనా యని మీరడుగవచ్చును. మన రాయలసీమ రంగస్థలమే దానికి సాక్ష్యము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో మొదలైన సురభి సమాజములలో ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీపాత్రలను ధరించిరి. 1880లో తాడిపత్రిలో జన్మించి 1946లో కీర్తిశేషుడైన బళ్లారి రాఘవ, న్యాయవాదియై యుండియు, చదువుకొన్న యింటి స్త్రీలు రంగస్థలమునకు రావలెనని పట్టుబట్టి, వారితో గలిసి నటించెను. నాడు ముక్కున వ్రేలు వేసికొన్నవా రెందఱో. నేడు స్త్రీపాత్రను స్త్రీ ధరించినచో ఎవ్వరును వింతపడరు.

దూరదేశమున నొక నాటకకర్త ఈ మార్పునకు చక్కని పద్ధతి నొకదానిని కనిపెట్టెను. బ్రెజిల్ దేశస్థుడైన అగస్టో బోవాల్ (1931–2009) ఆ కథానాయకుడు. ఆయన 1973లో పెరూ దేశమున అక్షరాస్యతోద్యమమున పనిచేసెను. అచటి యనుభవముతో పీడితుల నాటకరంగమును రూపొందించెను. అందొక విధమిది. ఒకనికి జరిగిన యన్యాయమును చిన్న నాటికగా నాడుదురు. అది చెడ్డగానే ముగియును. మరల మొదటినుండి యాడుదురు. ఈసారి చూచువారిలో నెవరైనను "ఆగుడు" అని, లేచివచ్చి, బాధితుని చోట నిలిచి వేఱొక యుపాయమును చేసి చూపవచ్చును. మిగిలినవారు తమ పాత్రను విడువక బదులు చెప్పుదురు. ఉపన్యాసము లేదు, తీర్పు లేదు. చూచువాడే చేయువాడగును. మనదేశమున జన సంస్కృతి యను సంస్థ 1985లో పశ్చిమబెంగాలున పుట్టి, పల్లెలలో ఈ పద్ధతిని ఆచరించినది.

మా రేణిగుంట రైలుకూడలి. అరక్కోణము, గూడూరు, గుంతకల్లు, తిరుపతి వైపుల దారులిచట గలియును. తెలుగువారును తమిళులును, పాతయూరివారును ఉద్యోగమునకై వచ్చినవారును కలిసి బ్రదుకు చోటు. కలిసి బ్రదుకుట వేఱు, కలిసి కూర్చుండుట వేఱు. నేను విశ్రాంతి పొందిన పిదప కొందఱు పడుచువారిని సాయంకాలములందు చేర్చి ఈ పద్ధతిని చేసి చూచితిని.

మొదట అద్దపుటాట. ఇద్దఱెదురెదురుగా నిలుతురు. ఒకరు చేసినట్లు రెండవవారు చేయవలెను. కొంతసేపటికి వంతు మాఱును. ఎవరి యింటివాడని చూచుటకు వ్యవధి యుండదు. ఎదుటివాని చేతిని చూడవలసినదే. పిదప బొమ్మలాట. మాటలాడక, ఒకరి నొకరు బొమ్మలుగా నిలిపి "మన వీధికుళాయి" యనియో "పెండ్లిపంక్తి" యనియో చూపుదురు. చదువురానివాడును, మూగవాడును ఇందు తక్కువవాడు కాడు. నత్తి గల పిల్లవానికి పద్యము నేర్పుడు. పాడునప్పుడు చాలమందికి నత్తి తగ్గును.

ఒకనాడు, నాదని చెప్పక, ఆ ద్వారపాలకుని కథను వారికిచ్చితిని. వారాడిరి. ఒక యువకుడు లేచి బాలుని చోట నిలిచి పంతులుతో వాదించెను, పంతులు లొంగలేదు. ఇంకొకడు బ్రతిమాలెను, లొంగలేదు. అప్పు డొక బాలిక లేచి, బాలుని చోటికి బోక, కృష్ణవేషధారి చోటికి బోయి, "వానికి మాట లేనిచో నేనును ఈ కిరీటము పెట్టుకొనను" అని కూర్చుండెను. పంతులు వేషము వేసినవానికి బదులు తోచలేదు. నాకును తోచలేదు. కష్టపడినవాడే పోరాడవలెనని మన మనుకొందుము. ప్రక్కనున్నవాడు నోరు విప్పినను సభ మాఱునని ఆ పిల్ల నాకు నేర్పినది. పిమ్మట వారు "మీరును రండయ్యా" యని ద్వారపాలకుని కఱ్ఱను నా చేతికిచ్చిరి. అరగంట నిలిచితిని. కాళ్లనొప్పి యేమంత కాదు; పద్యము నోటికి వచ్చియుండియు నోరు మూసికొని నిలుచుట యెట్టిదో అప్పుడు తెలిసినది.

పెద్దలారా, మీకు నాలుగు విన్నపములు. అభ్యాసము ఒక్క వీధిలోనే జరుపక, వారమునకొక వాడలో జరుపుడు. మన పిల్లలు వారి వాకిటికి పోవలెను, వారు మన వాకిటికి రావలెను. అభ్యాసకాలమున వేషములను చీట్లు వేసి మార్చుచుండుడు. ప్రతివాడును ఒకనాడు రాజును, ఒకనాడు భటుడును గావలెను. కుంటివానిని, నల్లనివానిని, నత్తివానిని నవ్వులవేషమునకు వాడకుడు. ఋషులను వెక్కిరించి భరతపుత్రులు శాపగ్రస్తులైన కథ నాట్యశాస్త్రము చివర నున్నది. ఎవని దుఃఖమును వాని యనుమతి లేక పదిమందిలో నాడింపకుడు. ఊరు, పేరు మార్చిన కథయే మేలు.

ఆ బాలుడిప్పు డెక్కడ నున్నాడో నేనెఱుగను. ఎక్కడనైన ఈ ప్రసంగమును వినుచున్నచో, ఆనాడు కృష్ణవేషము వానిదే యని పంతులు ఒప్పుకొనుచున్నాడని తెలిసికొనునుగాక. మీ యూరిలో రాబోవు ఉత్సవమునకు వేషములు పంచుటకు ముందు, కిటికీ వెలుపల నెవరైన నిలిచియున్నారేమో ఒక్కమాఱు చూడుడు.

సెలవు.